ఆమెని అందరూ అడిగారు, నన్ను ఒక్కరే అడిగారు

ఇది రాయాలా వద్దా అని దాదాపు ఆరు నెలలు ఊగిసలాడాను. చివరికి రాయమన్నది మా ఆవిడే. రాసిందంతా చదివి రెండు చోట్ల కొట్టేసింది. ఇంకో చోట "ఇక్కడ నిన్ను నువ్వు బాగా కాపాడుకుంటున్నావు, మళ్ళీ రాయి" అంది. మళ్ళీ రాశాను. కాబట్టి ఇందులో ఉన్నది ఇద్దరి అనుమతితో ఉన్నదే అనుకోండి.

మాది తాండూరు. హైదరాబాద్‌లో పాత ఇళ్ళలో ఉన్నవాళ్ళకి మా ఊరు కాళ్ళ కిందే ఉంటుంది, అవే తాండూరు బండలు. మా కందికి 2022లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఇక జిల్లా కేంద్రం వికారాబాద్. 2016 అక్టోబర్‌లో రంగారెడ్డి జిల్లా నుంచి విడదీసి కొత్త జిల్లా చేశారు. తాండూరు నుంచి వికారాబాద్ నలభై కిలోమీటర్లు, అక్కడి నుంచి హైదరాబాద్ ఇంకో డెబ్భై పైన. ఈ లెక్కలు ఎందుకు చెప్తున్నానంటే, ఒక రాత్రి ఆ కిలోమీటర్లన్నీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టాను కాబట్టి.

2024 దసరా. సద్దుల బతుకమ్మ రోజు. ఇద్దరం సాఫ్ట్‌వేరే, గచ్చిబౌలి నుంచి ముందు రోజే ఊరికి వచ్చాం. మా ఆవిడకి నెల తప్పి రెండు వారాలయింది. ఇంట్లో చేసుకున్న టెస్ట్‌లో రెండు గీతలొచ్చాయి. మా అమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. పండగయ్యాక హైదరాబాద్ వెళ్ళి స్కాన్ చేయించుకుందాం, తొందరేముంది అనుకున్నాం.

పొద్దున తంగేడు, గునుగు తెచ్చి బతుకమ్మ పేర్చారు. మధ్యాహ్నానికి ఆమెకి కుడి పక్క పొత్తికడుపులో నొప్పి మొదలైంది. "గ్యాస్ వట్టింది బిడ్డా, గంత సోడా తాగి పండుకో" అంది మా అమ్మ. కాసేపటికి కుడి భుజం కూడా గుంజుతోంది అంది. పొద్దుటి నుంచి వంగి పూలు పేర్చావు కదా, అందుకే అన్నాం. ఆ అన్నవాళ్ళలో నేనే ముందు. సాయంత్రం అందరూ చెరువుకి బయల్దేరుతుండగా బాత్రూంలో కూలబడిపోయింది. మొహం తెల్లగా, చేతులు చల్లగా. మాట్లాడుతోంది కానీ ఏం మాట్లాడుతోందో ఆమెకే తెలీటం లేదు.

ఊళ్ళో ఒక నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళాం. పండగ రోజు, ఆపరేషన్ చేసే డాక్టర్ లేరు. ఉన్న డ్యూటీ డాక్టర్ స్కాన్ పెట్టి చూసి "లోపల రక్తం కారుతోంది, ఇక్కడ కాదు, వెంటనే తీసుకెళ్ళండి" అన్నాడు. 108కి ఫోన్ చేశాం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన సర్వీసు అని ఎప్పుడో ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం చదువుకున్న జీకే పాయింట్ అది. ఆ రాత్రి మాకు అది జీకే కాదు. అంబులెన్స్‌లో ఉన్న అబ్బాయి బీపీ చూసిన ప్రతిసారీ నాకు చెప్పకుండా డ్రైవర్‌కి "అన్నా, జెర జల్ది" అనేవాడు. వికారాబాద్‌లో ఆగి రెండో చేతికి కూడా సెలైన్ ఎక్కించుకుని, హైదరాబాద్ చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. పన్నెండున్నరకి థియేటర్‌లోకి తీసుకెళ్ళారు. కడుపులో లీటరున్నర రక్తం ఉందట. కుడి వైపు ట్యూబ్ పగిలిపోయింది, తీసేశారు. మూడు సీసాల రక్తం ఎక్కించారు. బతికింది.

ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీ అన్న మాట నేను మొదటిసారి విన్నది ఆ థియేటర్ బయటే. గర్భసంచిలో పెరగాల్సిన పిండం ఇంకెక్కడో అతుక్కుని పెరగటం. వంద గర్భాల్లో ఒకటి రెండు ఇలా అవుతాయట. అందులో తొంభై శాతం పైన ట్యూబ్‌లోనే. భుజం నొప్పి ఎందుకొచ్చిందో కూడా అప్పుడే తెలిసింది. కడుపులో కారిన రక్తం డయాఫ్రం కింద చేరితే, ఆ నరం భుజానికీ సంబంధించిందే కాబట్టి నొప్పి అక్కడ తెలుస్తుందట. పూలు పేర్చినందుకు కాదన్నమాట.

అసలు కథ ఆ తరువాత మొదలైంది.

ఇంటికొచ్చాక పరామర్శలు. వచ్చిన ప్రతివాళ్ళూ ఆమె మంచం పక్కన కూర్చుని ఏదో ఒకటి అడిగేవాళ్ళు. "బొప్పాయి గిట్ల తిన్నవా బిడ్డా?" "బరువులేమన్న లేపినవా?" "ఇంతకుముందు గోలీలేమన్న ఏసుకున్నవా?" మా మేనత్త అయితే తీర్పే చెప్పేసింది: "లాప్‌టాప్ ఒళ్ళె వెట్టుకొని కూసుంటరు గద, గా వేడికే." ఇంకొకావిడ మా అమ్మతో గుసగుసగా, కానీ అందరికీ వినపడేట్టు, "పెండ్లికి ముందు ఏమన్న అయి ఉంటది, సూడు" అంది. మా అమ్మ అవునని అనలేదు, కాదని కూడా అనలేదు. "మన ఇంట్ల ఎవరికీ గిట్ల గాలే" అంది. అటువైపు మా అత్తమ్మ "నా పిల్లకు చిన్నప్పటి సంది ఏ రోగం లేకుండె" అని పదే పదే చెప్పుకోవాల్సి వచ్చింది. ఎవరో కేసు పెట్టినట్టు.

నేను అదే గదిలో ఉన్నాను. టీలు అందిస్తున్నాను. నన్ను అందరూ ఒకే మాట అడిగారు: "నువ్వు మంచిగున్నవా? అన్నం తింటున్నవా?"

పదిహేను రోజుల తరువాత కుట్లు చూపించుకోడానికి వెళ్ళినప్పుడు బయాప్సీ రిపోర్ట్ వచ్చింది. తీసేసిన ట్యూబ్‌లో గర్భం తాలూకు కణజాలంతో పాటు పాత వాపు ఆనవాళ్ళు ఉన్నాయని రాశారు. అంటే ఎప్పుడో ఒక ఇన్ఫెక్షన్ వచ్చి పోయి ఉండొచ్చు. డాక్టర్‌గారు ముందు మా ఆవిడనే అడిగారు. ఎప్పుడైనా పొత్తికడుపు నొప్పి, జ్వరం, తెల్లబట్ట ఎక్కువగా అవ్వటం? లేదంది. తరువాత ఆమెని బరువు, బీపీ చూపించుకోమని పక్క గదికి పంపి, కంప్యూటర్‌లోంచి తలెత్తకుండానే నన్ను అడిగారు.

"మీకు ఎప్పుడైనా మూత్రంలో మంట, చీములాంటిది రావటం జరిగిందా?"

"లేదు మేడం" అన్నాను.

అర సెకను కూడా పట్టలేదు. అంత వేగంగా నేను స్టాండప్ మీటింగ్‌లో కూడా జవాబు చెప్పలేదు.

నిజం ఏమిటంటే, జరిగింది. 2021లో, పెళ్ళికి రెండేళ్ళ ముందు, బెంగుళూరులో. ఒక పరిచయం. దాని గురించి ఇంతకన్నా రాయను, అది ఇంకొకరి కథ కూడా. ఆ తరువాత కొన్నాళ్ళకి మూత్రానికి వెళ్తే మంట. డాక్టర్ దగ్గరికి వెళ్ళటానికి సిగ్గు. మెడికల్ షాపులో గొంతు తగ్గించి అడిగితే అతను ఏదో స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చాడు. రెండు రోజులు వేసుకున్నాను, మంట తగ్గింది, మిగిలినవి పడేశాను. అంతే, మర్చిపోయాను. మనం రోజూ చేసే పని ఏమిటి? లాగ్‌లో ఎర్రర్ రావటం ఆగిపోతే బగ్ పోయిందని టికెట్ మూసేయటం. సరిగ్గా అదే చేశాను.

ఆ రాత్రి నుంచి చదవటం మొదలుపెట్టాను. మొదట్లో నాకు శిక్ష పడదని చెప్పే వాక్యం ఎక్కడైనా దొరుకుతుందేమోనని చదివాను. ఒప్పుకుంటున్నా. ఆ తరువాత మామూలుగానే చదివాను. తెలిసింది తెలిసినంత వరకూ చెప్తాను. నేను డాక్టర్‌ని కాదు.

ముందు ఆ ట్యూబ్ సంగతి. పది పన్నెండు సెంటీమీటర్ల పొడవు, గర్భసంచికి దగ్గరయ్యేచోట లోపలి దారి మిల్లీమీటర్ అంత సన్నం. లోపల గోడకి కంటికి కనపడని కేశాలు ఉంటాయి, గాలికి వరి పైరు ఊగినట్టు ఊగుతూ పిండాన్ని మూడు నాలుగు రోజుల్లో గర్భసంచి వైపు జరుపుతాయి. ఆ కేశాలు దెబ్బతిన్నా, గోడలు అక్కడక్కడా అతుక్కున్నా, పిండం దారిలోనే ఆగిపోతుంది. దానికి గమ్యం తెలీదు, టైం మాత్రం తెలుసు. టైం అయ్యేసరికి ఎక్కడుంటే అక్కడే అతుక్కుంటుంది.

ఈ కేశాలని దెబ్బతీసేవాటిలో ముఖ్యమైనవి క్లమీడియా, గనేరియా. రెండూ శారీరక సంబంధం వల్ల వచ్చే ఇన్ఫెక్షన్లు. క్లమీడియాతో పెద్ద చిక్కు ఏమిటంటే, చాలామంది ఆడవాళ్ళకీ, చాలామంది మగవాళ్ళకీ కూడా ఏ లక్షణమూ కనపడదు. మగవాడికి కొన్నాళ్ళు మంట పుట్టి తగ్గిపోవచ్చు. ఆ తరువాత కూడా క్రిమి ఉండొచ్చు, భార్యకి చేరొచ్చు. ఆమెకి నొప్పి, జ్వరం ఏమీ లేకుండానే లోపల ట్యూబ్ పాడవ్వొచ్చు. ఆమె ఫైల్‌లో మాత్రం "ట్యూబల్ డ్యామేజ్" అని ఆమె పేరు మీదే రాసుంటుంది. ఎవరి నుంచి వచ్చిందో రాసే గడి ఆ ఫైల్‌లో ఉండదు.

ఫ్రాన్స్‌లో ఓవెర్న్ అనే ప్రాంతంలో చేసిన ఒక పెద్ద అధ్యయనం 2003లో అచ్చయింది. ఎక్టోపిక్ అయిన 803 మందిని, మామూలుగా ప్రసవించిన 1683 మందితో పోల్చారు. పాత ఇన్ఫెక్షన్ల వాటా సుమారు మూడో వంతు, పొగతాగడం వాటా కూడా సుమారు మూడో వంతు అని తేల్చారు. అది ఆడవాళ్ళు తాగే పొగ గురించి. సిగరెట్‌కీ ట్యూబ్‌కీ సంబంధం ఏమిటి అని నాకూ అనుమానం వచ్చింది. ఎడింబరో యూనివర్సిటీ పరిశోధకులు 2010లో చూపించిందేమిటంటే, నికోటిన్ శరీరంలో మారి ఏర్పడే కోటినిన్ అనే పదార్థం ట్యూబ్‌లో ఒక ప్రొటీన్‌ని పెంచుతుంది, దానివల్ల పిండాన్ని జరిపే పని దెబ్బతినొచ్చు అని.

మా ఆవిడ సిగరెట్ ముట్టదు. నేను తాగేవాడిని. ఫ్లాట్‌లో బాల్కనీలో, తలుపు సగం తెరిచి. అమెరికాలో ఎనభై వేల మందికి పైగా స్త్రీల సమాచారం మీద 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో, తాము ఎప్పుడూ తాగకుండా జీవితమంతా ఇతరుల పొగ బాగా ఎక్కువగా పీల్చినవాళ్ళలో ట్యూబ్ గర్భాలు 61 శాతం ఎక్కువ కనపడ్డాయి. చిన్నప్పటి నుంచీ ఇంట్లో, ఆఫీసులో ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళ లెక్క అది. కాబట్టి ఏడాదిన్నర నా బాల్కనీ పొగని దాంతో నేరుగా పోల్చలేం. పైగా సంబంధం కనపడినంత మాత్రాన అదే కారణం అని కాదు. కానీ ఇల్లంతా ఒకరి పొగ అయినప్పుడు, ఆ ఒకరు ఎవరో మన ఇళ్ళలో వేరే చెప్పక్కర్లేదు కదా.

మూడోది పిల్లల కోసం చేయించుకునే చికిత్స. మన ఆఫీసుల్లో ఐవీఎఫ్ గురించి తెలియని టీం ఉండదిప్పుడు. పిండాన్ని నేరుగా గర్భసంచిలోనే పెడతారు కదా, ఇక ఎక్టోపిక్ ఎలా అవుతుంది అనుకుంటాం. అవుతుంది. అసలు స్టెప్టో, ఎడ్వర్డ్స్ ఆ పద్ధతిలో సాధించిన గర్భాల్లో 1976లో వాళ్ళు ప్రకటించినది ట్యూబ్ గర్భమే. మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ 1978లో పుట్టింది. ఐవీఎఫ్‌కి వెళ్ళినవాళ్ళలో ఎక్టోపిక్ ప్రమాదం ఎక్కువగా ఉండేది ట్యూబ్ ముందే దెబ్బతిన్నవాళ్ళలో. సమస్య భర్త వీర్యకణాలది మాత్రమే అయితే అంతకన్నా తక్కువ. అయినా ఒక సంగతి గమనించండి. లోపం మగవాడిదైనా, ఇంజెక్షన్లు, ప్రొసీజర్లు, వాటితో వచ్చే ప్రమాదాలు ఆమె శరీరం మీదే.

ఇక అందరికీ వచ్చే ప్రశ్న. వీర్యకణంలోనే ఏదన్నా తేడా ఉండి, అందువల్ల పిండం దారి తప్పుతుందా? అలా ఊహించినవాళ్ళు ఉన్నారు. కానీ రుజువు కాలేదు. ఎక్టోపిక్ పిండాల క్రోమోజోములు పరీక్షించి చూస్తే, మామూలు చోట పెరిగే తొలి నెలల గర్భాల కన్నా వాటిలో లోపాలు ఎక్కువేమీ కనపడలేదు. ఇప్పటికి తెలిసినంతలో ప్రధాన సమస్య పిండంలో కాదు, దారిలో ఉంది.

దారి పాడవటానికి మన దేశంలో ఇంకో కారణం కూడా ఉంది, టీబీ. మా జిల్లాలోనే అనంతగిరి గుట్టల మీద నిజాం కాలం నాటి టీబీ ఆసుపత్రి ఉంది. చిన్నప్పుడు ఆ పక్కగా వెళ్తుంటే ముక్కు మూసుకోమనేవాళ్ళు. టీబీ అంటే దగ్గు, ఊపిరితిత్తులు అనే నేను అనుకున్నా. అది ఆడవాళ్ళ జననావయవాలకి చేరితే దాదాపు ప్రతిసారీ దెబ్బతినేది ట్యూబులే. అది పడక వల్ల వచ్చేది కాదు, ఇంట్లో ఎవరి దగ్గు నుంచైనా రావచ్చు. అంటే పాత వాపు కనపడగానే శీలం గురించి మాట్లాడేవాళ్ళకి అసలు సైన్సే తెలీదన్నమాట, ఆమె శీలమైనా, అతని శీలమైనా. మా ఆవిడకి ఆ పరీక్ష కూడా చేశారు, లేదని తేలింది.

ఇవన్నీ చెప్పి ఇంకొకటి చెప్పకపోతే మోసం. ఎక్టోపిక్ అయినవాళ్ళలో సుమారు సగం మందిలో తెలిసిన కారణమేదీ కనపడదు. కాబట్టి ప్రతి భర్తనీ బోనెక్కించమని నేను అనటం లేదు.

అన్నట్టు, ఆ ట్యూబ్‌కి పేరిచ్చిన గాబ్రియేలే ఫెలోపియో పదహారో శతాబ్దపు ఇటలీ డాక్టర్. ఆయనకి ఇంకో పేరు కూడా ఉంది. ఆయన చనిపోయాక 1564లో అచ్చయిన పుస్తకంలో సవాయి రోగం అంటకుండా మగవాళ్ళు వాడుకోవాల్సిన నారబట్ట తొడుగు గురించి రాశాడు. తొడుగు గురించి అచ్చులో వచ్చిన తొలి వర్ణనల్లో అదొకటి. పదకొండు వందల మంది మగవాళ్ళ మీద పరీక్షించానని కూడా చెప్పుకున్నాడు. ఆ ట్యూబ్‌ని వర్ణించిన మనిషే, మగవాడా, నీ వైపు నుంచి నువ్వు జాగ్రత్తపడు అని కూడా చెప్పాడు. మనం మొదటి సగమే గుర్తుపెట్టుకున్నాం.

డిసెంబర్‌లో ఒక శనివారం ఇద్దరం లింగంపల్లిలో రైలెక్కి ఊరికి బయల్దేరాం. శంకర్‌పల్లి దాటాక బోగీలో జనం పలచబడ్డారు. అప్పుడు చెప్పాను. బెంగుళూరు సంగతి, మెడికల్ షాపు సంగతి, డాక్టర్ అడిగితే లేదన్న సంగతి, మూడూ. చెప్పేటప్పుడు ఆమె మొహం చూడలేదు, కిటికీ ఊచలు లెక్కపెట్టాను. వికారాబాద్‌లో రైలు చాలాసేపు ఆగింది. పల్లీలమ్మే ఆవిడ రెండుసార్లు మా ముందు నుంచి వెళ్ళింది. ఎవరం మాట్లాడలేదు. ధారూర్ వచ్చేదాకా మాట్లాడలేదు.

బెంగుళూరు గురించి అరుస్తుంది, ఏడుస్తుంది అని సిద్ధపడి ఉన్నాను. ఆమె అడిగింది అది కాదు.

"డాక్టర్ అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

నా దగ్గర జవాబు లేదు.

"ఆమె నీ పరువు గురించి అడిగిందనుకున్నావు. ఆమె అడిగింది నాకు మందు రాయడానికి. ఇంకో ట్యూబ్ ఉంది కదా నాకు. అదైనా మిగలాలి కదా."

ఈ వాక్యం ఆమె అన్నది అన్నట్టే రాశాను. ఇక్కడే నేను మొదట మెత్తగా రాసుకుంటే కొట్టేసింది.

సోమవారం మళ్ళీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఈసారి ఇద్దరం ఒకే గదిలో కూర్చున్నాం, నేనే చెప్పాను. డాక్టర్‌గారు తిట్టలేదు, ఆశ్చర్యపోనూ లేదు. ఇద్దరికీ పరీక్షలు రాశారు. నాది యూరిన్ శాంపిల్, పది నిమిషాల పని. అంతే. ఈ పది నిమిషాల పనికి నేను మూడేళ్ళు భయపడ్డాను.

రెండు రిపోర్టులూ నెగెటివ్.

నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆవిడ వెంటనే అన్నారు: "దీనర్థం ఇప్పుడు క్రిమి లేదని మాత్రమే. అప్పుడు ఉండి, పోయి ఉండొచ్చు. క్రిమి పోయినా మచ్చ పోదు. అప్పుడు కూడా లేకపోయి ఉండొచ్చు. మీ వల్లే అయిందని చెప్పలేను, మీ వల్ల కాలేదని కూడా చెప్పలేను." మన భాషలో, రిప్రొడ్యూస్ కాని బగ్. లాగ్స్ చెరిగిపోయాయి. చెరిపింది నేనే. అప్పుడే ఒక డాక్టర్‌ని కలిసి, పరీక్ష చేయించుకుని, పూర్తి కోర్సు వాడి, పెళ్ళికి ముందు ఒకసారి చూపించుకుని ఉంటే ఇవాళ ఈ ప్రశ్నే ఉండేది కాదు. రుజువు లేదు కాబట్టి నేను నిర్దోషిని అనుకోవచ్చు. కానీ ఆమె మీద కూడా ఏ రుజువూ లేదు కదా, ఆమెని ఎవరైనా అలా వదిలేశారా?

ఇంకొకటి తెలిసి ఆశ్చర్యపోయాను. ఇలాంటి ఇన్ఫెక్షన్ల చికిత్సకి నాకో వాళ్ళు ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్షా క్లినిక్ అనే పేరుతో ఉచితంగా విభాగాలు నడుపుతున్నారు. భార్యాభర్తల్లో ఒకరికి వస్తే ఇద్దరికీ మందు ఇవ్వాలన్నది అక్కడ ప్రాథమిక సూత్రం. ఒకరే వాడితే రెండోవాళ్ళ నుంచి మళ్ళీ వస్తుంది కాబట్టి. ఎన్నోసార్లు ఆ బోర్డు పక్క నుంచి వెళ్ళి ఉంటాను, ఎవరికోసమో అనుకుని.

మాలాంటి వాళ్ళకి పనికొస్తాయని నేర్చుకున్నవి నాలుగు మాటల్లో చెప్తాను.

ఒకటి, టెస్ట్‌లో గీతలు రాగానే పండగ కోసమో, రిలీజ్ కోసమో ఆగకండి. డాక్టర్‌ని కలిసి, చెప్పిన వారంలో స్కాన్ చేయించుకుని గర్భం గర్భసంచిలోనే ఉందని చూసుకోండి. పగలకముందు తెలిస్తే కొందరికి మెథోట్రెక్సేట్ అనే ఇంజెక్షన్‌తోనే సరిపోతుంది, ఆపరేషన్ ఉండదు.

రెండు, నెల తప్పిన మనిషికి ఒక పక్క కడుపునొప్పి, రక్తస్రావం, భుజం నొప్పి, కళ్ళు తిరగటం, వీటిలో ఏది వచ్చినా గ్యాస్ అనుకోకండి. సోడా తాగించకండి. ఆపరేషన్ థియేటర్, రక్తం దొరికే చోటికి వెళ్ళండి. పగిలిన ట్యూబ్‌ని కోసి తీసేసి ప్రాణం కాపాడొచ్చని లాసన్ టెయిట్ అనే సర్జన్ బర్మింగ్‌హామ్‌లో 1883లోనే చూపించాడు. అంతకుముందు ఇది ఎక్కువగా చావే. ఇప్పుడు కాదు, టైంకి చేరితే.

మూడు, మగవాళ్ళకి. మంట వచ్చినా, చీము వచ్చినా మెడికల్ షాపు కాదు, డాక్టర్. పూర్తి కోర్సు. భాగస్వామికి కూడా. నయమైందని చెప్పేదాకా దూరంగా ఉండటం. మీ ఆవిడ ఫైల్‌లో మీ గురించి అడిగితే నిజం చెప్పటం.

నాలుగు, ఒకసారి అయితే అంతా అయిపోయినట్టు కాదు. మళ్ళీ ఎక్టోపిక్ అయ్యే అవకాశం పదిలో ఒకటి ఉంటుంది, అందుకే తరువాతిసారి స్కాన్ ఇంకా ముందే చేయించాలి. కానీ 2014లో లాన్సెట్‌లో వచ్చిన ఒక ట్రయల్‌లో, రెండో ట్యూబ్ బాగున్నవాళ్ళు ఒకటి తీసేశాక కూడా మూడేళ్ళలో 56 శాతం మంది మామూలుగా గర్భం దాల్చారు. ఆ కాగితం ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించింది మా ఆవిడ.

సిగరెట్ మానేశాను. గొప్పగా చెప్పట్లేదు, మధ్యలో రెండుసార్లు జారాను. మా ఇద్దరి మధ్య అంతా సర్దుకుందని కూడా చెప్పను. కొన్ని రోజులు బాగుంటుంది, కొన్ని రోజులు ఆమె మాట్లాడదు. ఆ రోజుల్లో ఎందుకని అడగటం మానేశాను.

మా అమ్మకి కూడా చెప్పాను. బెంగుళూరు గురించి కాదు, అంత ధైర్యం ఇంకా రాలేదు. "అమ్మా, గిది మగోని నుంచి కూడ అయ్యేటి ఛాన్స్ ఉన్నది. డాక్టర్ నన్ను గూడ పరీక్ష చేసింది. ఆమెనొక్కదాన్నే అడుగుడు బంజెయ్యిండ్రి" అన్నాను. అమ్మ నా వైపు చాలాసేపు చూసింది. ఏం అర్థమైందో, ఎంత అర్థమైందో నేను అడగలేదు. బియ్యం చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సంక్రాంతికి మళ్ళీ ఊరెళ్ళాం. మా మేనత్త వచ్చింది, అలవాటుగా మా ఆవిడ పక్కన చేరి మొదలుపెట్టింది: "ఇప్పుడన్న లాప్‌టాప్ ఒళ్ళె వెట్టుకుంటలేవు గద బిడ్డా?"

వంటింట్లోంచి మా అమ్మ గొంతు వినపడింది.

"ఆమెనేమడుగుతవ్ వదినా. ఆడ కూసున్నడు సూడు, వానినడుగు."